ఎడమవైపు కమాను

జీపుకు నాలుగు చక్రాలూ ఊడదీసి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. గ్యారేజీ గుమ్మం పక్కన పడేసిన పాత టైరు మీద జీపత్త కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, బండిని ఎగాదిగా చూసింది.

"పళ్ళూడిన మొహంలా ఉందే అమ్మాయ్ నీ బండి" అంది.

"పళ్ళు కట్టిస్తున్నాంగా అత్తయ్యా, కాస్త ఓపిక పట్టండి" అంది కోడలు, జీపు కిందనుంచి.

కోడలి కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. వాటి పక్కన మేస్త్రీ కాళ్ళు. తుప్పుపట్టి మొండికేసిన యూ బోల్టుల మీద డీజిల్ పోసి నానబెట్టి, పానాకు పొడుగాటి పైపు తొడిగి, ఇద్దరూ కలిసి లాగుతున్నారు. బోల్టు కిర్రుమంటే మేస్త్రీ "వస్తావమ్మా, వస్తావు, రాక ఎక్కడికి పోతావు" అని బుజ్జగిస్తాడు. రాకపోతే దాని ఏడు తరాలనూ తిడతాడు. అతనికి ఇనుముతో మాట్లాడే అలవాటు. మనుషులతో కూడా అదే గొంతుతో మాట్లాడతాడు కాబట్టి ఎవరికీ కోపం రాదు.

జీపత్త అసలు పేరేమిటో ఆ దారిలో ఎవరికీ అక్కర్లేదు. కొండమీది ఇళ్ళకూ కింది బజారుకూ మధ్య జనాన్ని తిప్పే జీపు వాళ్ళది. కొడుకు దూరాలు పోయే లారీ మీద ఉంటాడు. జీపు కోడలు నడుపుతుంది. ముందు ఎడమ సీటు అత్తది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ మూట ఏ సీటు కింద దూరాలి, ఎవరి కోడిని ఎవరి ఒడిలో పెట్టాలి అన్నదంతా ఆమె నోటిమీదే నడుస్తుంది. ఇవి కాక అసలు పని ఇంకొకటుంది. కొండెక్కేటప్పుడు ఎడమపక్కంతా లోయ. స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి ఆ అంచు కనపడదు. ఇరుకు రాగానే కోడలు "అత్తయ్యా, ఎంతుంది?" అంటుంది. జీపత్త తల బయటికి పెట్టి చక్రాన్నీ అంచునూ చూసి, "మూరెడుంది, రా" అనో, "జానెడుంది, నెమ్మది" అనో, "బెత్తెడే, ఆగాగు" అనో చెబుతుంది. ఆ మాటను బట్టి కోడలి కాలు కదులుతుంది. దిగేటప్పుడు లోయ కోడలి పక్కకు పోతుంది కాబట్టి జీపత్త హాయిగా కునుకు తీస్తుంది.

మొన్నటి వానలకు గండి దగ్గర దారి కోసుకుపోయింది. మట్టి కొట్టుకుపోయి బండరాళ్ళు పైకి తేలాయి. ఆఖరుసారి వెళ్ళినప్పుడు జీపు కడుపు రాయికి కొట్టుకుని, ఆయిలంతా కారి, ఎక్కినవాళ్ళంతా మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. దారి ఎప్పుడు బాగుచేస్తారని అడగడానికి వెళ్ళినచోట "చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో కోడలికి తెలుసు. దారి కిందికి దిగి రాదు గనక బండినే పైకి లేపుదామంది. పాతవాటికన్నా బాగా పెద్ద టైర్లు, వాటికి చోటు దొరికేలా ఎత్తు పెంచే కొత్త కమాన్లు. జీపత్తే ముందు "శభాష్" అంది. అన్నది తానే కాబట్టి తరవాత ఎవర్నీ అనడానికి లేకపోయింది.

చివరికి బోల్టులు లొంగాయి. కమాను అంటే బండి బరువంతా మోసే ఉక్కు పట్టీల కట్ట. ముందు చక్రాల మీది పాత కట్టలు రెండూ ఊడదీసి, విప్పి, అన్నిటికన్నా పొడుగైన పెద్ద పట్టీలను మేస్త్రీ నేలమీద పక్కపక్కన పెట్టాడు. పెట్టి, నడుంమీద చేతులు వేసుకుని, అటొకసారి ఇటొకసారి చూసి, ఈల వేశాడు.

"చెల్లెమ్మా, ఇటొచ్చి ఈ తమాషా చూడు."

కుడివైపు పట్టీ ఇంకా కాస్తో కూస్తో విల్లులా వంగి ఉంది. ఎడమవైపుది చదునుగా నేలకు అతుక్కుపోయింది.

"రెండూ ఒక్కరోజే బిగించినవి. ఒకటి ఇట్లా, ఒకటి అట్లా ఎందుకయ్యాయంటావు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గుమ్మం వైపు తిరిగి చేతులు జోడించాడు మేస్త్రీ. "జీపత్తా! అంతా మీ చలవే!"

కోడలు పడీపడీ నవ్వింది. గ్రీజు చేతుల్తో కళ్ళు తుడుచుకోలేక భుజానికి రాసుకుంది. "అందుకేనా మేస్త్రీగారూ, మన బండి ఎప్పుడూ ఎడమకి ఒరిగే నడుస్తుంది! నేను ఇన్నాళ్ళూ దారే వాలుగా ఉందనుకుంటున్నా!"

జీపత్త కూడా నవ్వింది. నవ్వకపోతే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. "నవ్వవే, నవ్వు. పూటపూటా వడ్డించేది నువ్వే కదా! ఆ పాపంలో నీకు సగం వాటా ఉంది" అంది.

నోరైతే అంది. కానీ ఆ చదునైన ఇనప్పట్టీని చూస్తుంటే ఆమెకు లోపల ఎక్కడో చివుక్కుమంది. అంత బరువయ్యానా అనుకుంది. ఇన్నేళ్ళూ బండి తనను మోస్తోందన్న సంగతి ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. తనే బండిని మోస్తున్నాననుకుంది.

మర్నాడు కొత్త కమాన్లు ఎక్కాయి. నల్లగా మెరుస్తూ, బాగా వంపు తిరిగి ఉన్నాయి. కమాన్లను చాసిస్ చట్రానికి వేలాడదీసే కొత్త షాకిల్లు పాతవాటికన్నా పొడుగు. బోల్టులు మూలమూలకూ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించాడు మేస్త్రీ. ఒక్కటే బిగిస్తే అలుగుతుందట. ఇరుసును గాల్లో వేలాడదీసి చూస్తే బ్రేకు పైపు తీగలా బిర్రబిగిసింది. "ఇదిట్లా ఉంటే గుంతలో చక్రం దిగ్గానే పుటుక్కుమంటుంది" అని కోడలే పట్టుకుంది. పొడుగు పైపు తెప్పించారు. టైర్లు ఎక్కించి స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు అంచుకు కర్రుకర్రున రాసుకున్నాయి. ఆ అంచు కోసి, గరుకు పోయేదాకా ఆకురాయితో రుద్దారు. బండి ముక్కు లేచినందుకు దీపాలు ఆకాశాన్ని చూస్తున్నాయని వాటినీ కిందికి దించారు. కోడలు ఒక్కటంటే ఒక్కటి మరిచిపోలేదు. టేపు పెట్టి నేలనుంచి ఇరుసు నడిమి గుండు, హౌసింగు, దాకా కొలిచింది. గండి దగ్గరి పెద్దరాయి కొలత ఆమె ముందే తెచ్చి పెట్టుకుంది. ఆ రెండు కొలతలూ పోల్చి, "దాటేస్తుంది మేస్త్రీగారూ!" అని గంతేసింది.

దీన్ని ఇంటికి తెచ్చుకున్న నా కొడుకు గొప్పవాడు కాదు గానీ, వాడి అదృష్టం మాత్రం గొప్పది అనుకుంది జీపత్త. పైకి మాత్రం, "ఎగిరింది చాలు, కాలు బెణుకుతుంది" అంది.

జాకీలు తీసి బండిని దించారు. దించారని అనడమే గాని అది దిగినట్టే లేదు. ఎప్పుడూ జీపత్త భుజానికి తగిలే బానెట్టు ఇప్పుడు ఆమె ముక్కు దగ్గరుంది. మేస్త్రీ, కోడలు వెనక చక్రం దగ్గర వంగుని గాలి చూసుకుంటున్నారు. జీపత్త టైరు మీదనుంచి లేచి, చేతులు దులుపుకుని, తన సీటు దగ్గరికి వెళ్ళింది. అది ఆమె రొమ్ముల ఎత్తున ఉంది. ఎప్పటిలాగే అద్దం పక్కనున్న కడ్డీ పట్టుకుని కుడికాలు లేపింది. కాలు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. మోకాలు కలుక్కుమంది. కాలు దించి, ఊపిరి తీసుకుని, ఎడమకాలు ప్రయత్నించింది. చెప్పు జారి కిందపడింది తప్ప పాదం అంచుకు అందలేదు. రెండు చేతులతో కడ్డీకి వేలాడింది. బండి కాస్త కూడా వంగలేదు. పాత బండి అయితే ఆమె కడ్డీ పట్టుకోగానే కొంచెం ఒరిగి "రా" అన్నట్టు ఉండేది.

చెప్పు తొడుక్కుని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. అమ్మయ్య అనుకుంది. మరుక్షణమే అసలు సంగతి తట్టింది. కింద రాయి నుంచి కొలిచారు, చక్రం నుంచి కొలిచారు. ఎక్కే మనిషి మోకాలి నుంచి ఎవరూ కొలవలేదు.

"ఎక్కండి అత్తయ్యా! ఓ చుట్టు తిరిగొద్దాం!" కోడలు అప్పటికే ఒక్క ఊపుతో ఎగిరి స్టీరింగు ముందు కూర్చుంది.

"నాకు ఇంట్లో పనుంది. మీరు తిరగండి" అంది జీపత్త.

"ఏం పని?"

"ఇంటిపని ఏదని అడుగుతావేం, నువ్వెప్పుడైనా చేస్తే కదా తెలిసేది!" అని, వెనక్కి చూడకుండా, మోకాలు నొప్పి నడకలో కనపడకుండా, వీలైనంత నిటారుగా నడిచిపోయింది. కోడలు స్టీరింగు మీద చేతులు వేసుకుని చూస్తూ ఉండిపోయింది.

రాత్రి అన్నం దగ్గర కోడలు గరిటె పట్టుకుని నిలబడింది.

"అత్తయ్యా, కమాను మాటకు కోపమొచ్చిందా?"

"నాకెందుకే కోపం!"

"మరి రేపు వస్తారుగా? జనం పొద్దున్నే వచ్చి నిలబడతారు. గండి దాటించాలి."

"కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటాలే. ఆ కుదుపులకు నడుం పట్టేస్తోంది. నీకిప్పుడు కొత్త కమాన్లు, కొత్త టైర్లు. నేనెందుకు, దండగ బరువు!"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అన్నాక తెలిసింది. కోడలి మొహం వాడిపోయింది. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. జీపత్త అన్నం కెలుకుతూ కూర్చుంది. ఎక్కలేకపోయానే అని ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. కానీ ఆ ముక్క గొంతు దాటి రావడం లేదు. ఇవాళ ఎక్కలేను అంటే, రేపు నడవలేవు అంటారు, ఎల్లుండి కూర్చోపెట్టి దుప్పటి కప్పుతారు. ఆ సీటు పోతే తనెవరు? జీపు లేని జీపత్త.

పొద్దున్నే జనం వచ్చారు. జీపత్త ప్రహరీ గోడ వెనక నిలబడి, బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తూ, చూసింది. కుర్రవాళ్ళు వానరాల్లా ఎగిరి ఎక్కారు. కొండమీద బడిలో చెప్పే టీచరమ్మ పుస్తకాల సంచి ముందు విసిరి తరవాత తను పాకింది. మేకల తాత దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఇద్దరు పైనుంచి రెక్కలు పట్టుకుని, ఒకడు కిందనుంచి తోసి, బస్తాను ఎక్కించినట్టు ఎక్కించారు. "ఒరే, నెమ్మదిరా! నేను మేకను కాదురా!" అని తాత అరుస్తున్నాడు. అందరూ నవ్వారు. జీపత్తకు నవ్వు రాలేదు. తడి గుడ్డ పిండుతూ ఉంది. అందులో నీళ్ళెప్పుడో అయిపోయాయి.

ముందు ఎడమ సీటు ఖాళీగానే ఉంది. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆమె తోమిన గిన్నెలే తోమింది. తుడిచిన గది మళ్ళీ తుడిచింది. కొడుకు ఫోను చేసి "ఏమిటమ్మా, ఇంట్లో ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?" అంటే, "ఇంట్లో ఉంటే కూడా తప్పేనట్రా!" అని కసిరి పెట్టేసింది. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చింది గాని, కంటికి కునుకు రాలేదు. ఇప్పుడు మలుపు దగ్గర ఉంటుంది, ఇప్పుడు గండి చేరుతుంది అని లెక్కపెట్టుకుంటూ పడుకుంది. మంచం మీద పడుకున్న మనిషి చెయ్యి దానంతటదే జానెడు చాస్తోంది, ముడుస్తోంది.

సాయంత్రం రావలసిన వేళ దాటాక జీపు వచ్చింది. హారను కొట్టలేదు. జీపత్త వాకిట్లోకి పరుగెత్తినంత పనిచేసింది. బండి ఎడమవైపు మొన్న కోసిన మడ్‌గార్డు అంచు గీరుకుపోయి లోపలికి వంగింది. ఎడమ ముందు చక్రానికి బురద నడిమి బోల్టుల దాకా ఉంది. కోడలు దిగి, ఆమెవైపు చూడకుండా, తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే ఉంది.

టీచరమ్మ సంచి భుజానికి తగిలించుకుని గేటు దగ్గరే ఆగింది. ఆమె మొహం కూడా పాలిపోయి ఉంది.

"ఏం జరిగిందమ్మా?"

"గండి దగ్గర రాళ్ళన్నీ భలే దాటేసింది జీపత్తా. అందరం చప్పట్లు కొట్టాం. దాని తరవాత ఇరుకు ఉంది చూశారూ, అక్కడ..." టీచరమ్మ గొంతు తగ్గించింది. "ముక్కు ఎత్తయిపోయిందిగా, ముందు నేల కనిపించట్లేదు. టైర్లేమో వెడల్పు, బయటికి వచ్చేశాయి. చక్రం ఎక్కడుందో అంతు చిక్కట్లేదు అంటూనే ఉంది తను. ఉన్నట్టుండి ఎడమ చక్రం అంచు దాటి జారింది. బండి ఒరిగిపోయింది."

జీపత్త గేటు పట్టుకుంది.

"బ్రేకు తొక్కి పట్టుకుని మమ్మల్నందర్నీ వెనకనుంచి ఒక్కొక్కర్నీ దింపింది. తను మాత్రం దిగలేదు. దిగితే బ్రేకు వదలాలి కదా. మేం చక్రం కింద రాళ్ళు పేర్చి, తాళ్ళు కట్టి లాగాం. దేవుడి దయ, ఎక్కింది."

"ఏమమ్మా, ముందు సీట్లో ఎవరూ లేరా? ఎవరైనా చూసి చెప్పొద్దూ?"

"నేను కూర్చుంటానన్నాను. పొద్దున్న బయల్దేరేముందే అడిగాను. అది అత్తయ్య సీటు, ఆమె కోపం పోగానే వస్తుంది, వెనక సర్దుకోండి అంది." టీచరమ్మ కుళాయి వైపు చూసింది. "ఇంకొకటి చెప్పనా? చక్రం జారడానికి ముందు, ఇరుకు మొదట్లో, తను ఎడమకి తిరిగి అడిగింది. అత్తయ్యా, ఎంతుంది, అని. గట్టిగానే అడిగింది. వెనక మేమందరం విన్నాం. సీట్లో ఎవరూ లేరు. తనకది తెలిసేలోపు చక్రం జారింది."

టీచరమ్మ వెళ్ళిపోయింది కాబోలు, ఆమె గమనించలేదు. ఖాళీ సీటును పిలిచింది పిచ్చిది! తను ఇంట్లో కూర్చుని గిన్నెలు తోముతుంటే, అది అక్కడ లోయ అంచున నిలబడి తనను పిలిచింది. తనను వదిలించుకోవడానికే బండిని లేపారని ఎక్కడో మనసు మూలన అనుకున్న మాట గుర్తొచ్చి జీపత్తకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చెప్పలేనంత సంతోషం కూడా వచ్చింది. పిల్ల ప్రాణం మీదికి వచ్చిన వేళ ఈ సంతోషమేమిటని తనను తానే తిట్టుకుంది. అయినా అది పోలేదు.

కుళాయి కట్టేసి, తువాలు తీసి, కోడలి చేతులు తనే తుడిచింది.

"నేను కోపంతో రాలేదనుకున్నావా?"

కోడలు తల ఊపింది. "నవ్వకుండా ఉండాల్సింది అత్తయ్యా. మీ మనసు కష్టపెట్టాను."

"కమానూ కాదు, గిమానూ కాదు. ఎక్కలేకపోయానే!"

"ఏమిటి?"

"నీ బండి ఎక్కలేకపోయాను. గ్యారేజీలో మీరు వెనక ఉన్నప్పుడు రెండుసార్లు చూశాను. కాలు అందలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక కోపం నటించాను. అంతే."

కోడలు బోర్లించిన బకెట్ మీద చతికిలబడింది. నోరు తెరిచి అత్త మోకాళ్ళవైపు, వాకిట్లో జీపువైపు మార్చి మార్చి చూసింది.

"రాయిని కొలిచాను. టైరును కొలిచాను. దీపాలు కూడా చూశాను. మీరెలా ఎక్కుతారో చూడలేదు! ఎంత బుద్ధిలేనిదాన్ని అత్తయ్యా నేను! ఆ ముసలి తాతను బస్తాలా లాగుతుంటే కూడా నాకు వెలగలేదు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు లేకుండా నేను ఆ దారి ఎక్కలేను. ఇవాళ తెలిసింది. రోజూ మీరు చెప్పేది వింటూ నడిపేసి, నాకే వచ్చనుకున్నాను."

"ఏడవకు. ఇద్దరిలో ఎవరికి బుద్ధి తక్కువో తరవాత తేల్చుకుందాం. పొద్దున్నే మేస్త్రీ దగ్గరికి పోదాం పద."

పొద్దున్న వాళ్ళు వెళ్ళేసరికి మేస్త్రీ టీ తాగుతున్నాడు. సంగతంతా విని గ్లాసు కింద పెట్టేశాడు. "అయ్యో, అయ్యో! కళ్ళముందు కూర్చున్న మనిషిని మరిచిపోయానే! ఒక స్టూలు ఇస్తాను జీపత్తా, బండిలో పెట్టుకోండి. ఆగినచోటల్లా..."

"ఆగినచోటల్లా నాకోసం ఒకరు దిగి స్టూలు వేసి, నేనెక్కాక మళ్ళీ తీసి... నేనేమైనా మహారాణినా? నాకు మెట్టు కావాలి."

"మెట్టు వేలాడదీస్తే రాళ్ళకు తగుల్తుందే! తగలకూడదనేగా ఇంత ఎత్తు లేపాం." మేస్త్రీ గడ్డం గోక్కుంటూ జీపు చుట్టూ తిరిగాడు. చాసిస్ పక్కకు వంగి చూశాడు. లేచి, మూలనున్న తుక్కుకుప్ప వైపు చూశాడు. "రాయి తగిలితే వెనక్కి ఊగి లేచిపోయేలా ఉంటే..." అని గొణిగి, కుప్పలోకి చెయ్యి పెట్టి ఒక పాత పట్టీ లాగాడు. కుడివైపుది. వంపు చూసి పెదవి విరిచాడు. "కాలు జారుతుంది దీనిమీద."

జీపత్త అప్పటికే కుప్ప దగ్గరికి వచ్చింది. "ఇదుగో, ఇది తియ్యి" అని కాలితో చూపించింది.

అది ఎడమవైపుది. చదునుగా, పలకలా ఉంది. మేస్త్రీ దాన్ని తీసి నేలమీద పెట్టి చూశాడు. ఎక్కడా లేవలేదు. అతను నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆపుకున్నాడు.

"నవ్వరా బాబూ, నవ్వు" అంది జీపత్త. "ఇంత చదునుగా ఎవరు చేసి పెడతారు నీకు? ఇన్నేళ్ళు పట్టింది నాకు."

అప్పుడు ముగ్గురూ నవ్వారు. కోడలు నవ్వుతూనే వచ్చి ఆమె భుజానికి తల ఆనించింది. జీపత్త తోసెయ్యలేదు.

కమాను ఉక్కు గట్టిది, వెల్డింగు పెడితే కొన్నాళ్ళకు పుటుక్కున విరుగుతుందన్నాడు మేస్త్రీ. అందుకని పట్టీ రెండు కొసలా ఉన్న చెవుల్లో పాత షాకిల్లే దూర్చి, చాసిస్‌కు బోల్టులతో బిగించి, సీటు కింద ఉయ్యాలలా వేలాడదీశాడు. ముందుకు ఊగకుండా ఒక గొలుసు కట్టాడు. రాయి తగిలితే వెనక్కి లేస్తుంది, దాటాక మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. ఎక్కాక పైకి లాక్కోవడానికి ఒక తాడు కట్టి కొస సీటు పక్కన కొక్కేనికి తగిలించాడు. జారకుండా పాత టైరు ముక్క కోసి పట్టీ మీద చుట్టాడు. కుడివైపు పట్టీని కూడా వృథా పోనివ్వకుండా సుత్తితో బాది వంపు తీసి, వెనక తలుపుకు బిగించాడు. వంగిన మడ్‌గార్డును లోపలినుంచి కొట్టి సరిచేశాడు.

"ఇప్పుడెక్కండి" అన్నాడు.

జీపత్త కడ్డీ పట్టుకుంది. కాలు పెట్టింది. పట్టీ కొంచెం కదిలి, గొలుసు బిగిసి, ఆగింది. రెండో కాలు లేపింది. ఆ వెంటనే ఆమె తన సీట్లో ఉంది. మేస్త్రీ, కోడలు ఇద్దరూ కింద చేతులు చాచి నిలబడ్డారు, పడితే పట్టుకుందామని. ఆమె పడలేదు. పైనుంచి ఇద్దర్నీ చూసింది.

"నీ చెయ్యి చల్లగుండాలిరా అబ్బాయ్" అంది మేస్త్రీతో. మామూలుగా ఆమె ఇంకో మాట కూడా అని వెక్కిరించేది. ఆ రోజు ఆ ఒక్కమాటే అంది. మేస్త్రీ తల వంచుకుని పానా తుడుచుకున్నాడు.

ఎదురుచూస్తున్న జనం దగ్గరికి జీపు వెళ్ళేసరికి పొద్దెక్కింది. మేకల తాత బండిని చూడగానే రెక్కలు ముడుచుకుని వెనక్కి జరిగాడు. "నేను నడిచే వస్తాను, మీకు దండం" అన్నాడు.

"వెనక్కి వెళ్ళి చూడు తాతా, నీకు రాజమార్గం వేశాం!" అని కేకేసింది జీపత్త.

తాత వెనక మెట్టును కర్రతో తట్టి చూశాడు. కాలు పెట్టి చూశాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, కూర్చుని, చుట్టూ గర్వంగా చూశాడు. "ఏ ఇనుమే ఇది? గట్టిగా ఉందే!"

"అది బండిది. నా సీటు కింద ఉన్న మెట్టు మాత్రం నా సొంతం. ఇన్నేళ్ళ నా బరువు తాతా! ఊరికే పోలేదు."

ఏమిటో అర్థం కాకపోయినా తాత నవ్వాడు. జీపత్త తాడు లాగి మెట్టును పైకెత్తింది, కొక్కేనికి తగిలించింది, ఎవరి మూట ఎక్కడ పెట్టాలో చెప్పింది, టీచరమ్మను కాస్త జరగమంది. కోడలు గేరు వేసింది.

గండి దగ్గర పెద్ద రాళ్ళ మీద కొత్త టైర్లు మెల్లగా పాకుతూ దాటాయి. కడుపుకు ఒక్క రాయి కూడా తగల్లేదు. వెనక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ముందున్న ఇరుకును చూస్తున్నారు. నిన్న చక్రం జారినచోట పేర్చిన రాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. కోడలు బండి ఆపింది. స్టీరింగు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"అత్తయ్యా" అంది. కంఠం సన్నగా వచ్చింది. "ఎంతుంది?"

జీపత్త కడ్డీ పట్టుకుని, నడుం దాకా బయటికి వంగింది. ఇంత ఎత్తునుంచి లోయ అడుగుదాకా కనిపిస్తోంది. కొత్త టైరు కింద చిన్న చిన్న గులకలు అంచు మీదనుంచి జారుతున్నాయి. ఆమె టైరు అంచును చూసింది, మట్టి అంచును చూసింది, మళ్ళీ టైరును చూసింది. ఈ దారి మీద, ఈ సీట్లో, ఈ పిల్ల పక్కన తనను ఇంకా కూర్చోబెట్టినందుకు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు ఖాళీ లేవు కాబట్టి మనసులోనే అందరికీ పెట్టుకుంది.

"జానెడుంది" అంది. "నేనున్నాను, రా."

కోడలు బ్రేకు మీదనుంచి కాలు తీసింది.